సహజ సామర్థ్య పరీక్షలు: కౌమారంలో చదువుకు ముందస్తు అంచనా

పిల్లలు ఇప్పటిదాకా ఏం నేర్చుకున్నారన్నది పక్కనబెట్టి, ఇకముందు ఎంత నేర్చుకోగలరో తేల్చడానికి పెట్టే పరీక్షలను సహజ సామర్థ్య పరీక్షలంటారు. ఆరో తరగతిలోనో ఎనిమిదో తరగతిలోనో గంటా రెండు గంటలు కూర్చోబెట్టి, పాఠ్యపుస్తకంలో లేని ప్రశ్నలు అడిగి, వచ్చిన మార్కులను బట్టి పదో తరగతిలోనూ ఆ పైనా ఎలా చదువుతారో చెప్పవచ్చన్నది వీటి వెనకున్న నమ్మకం. నూట ఇరవై ఏళ్ల చరిత్రలో ఈ నమ్మకం సగమే నిలబడింది. వెయ్యిమందిని కలిపి చూస్తే అంచనా ఆశ్చర్యపోయేంత బాగా కుదురుతుంది. ఆ వెయ్యిమందిలో ఒకరిని చూపించి అడిగితే తడబడుతుంది. ఈ పరీక్షలను వాడిన దేశాలకు మేలు జరిగినా, తలనొప్పి వచ్చినా ఈ తేడా దగ్గరే.

ప్రశ్నలు ఎలా ఉంటాయి

ఇద్దరు మనుషులు ఒక వాసానికి బరువైన మూట వేలాడదీసి, చెరో చివరా భుజాన వేసుకుని నడుస్తున్న బొమ్మ. మూట ఒకరి వైపు జరిగి ఉంది. ఎవరి మీద బరువు ఎక్కువ పడుతుంది? అమెరికాలో హైస్కూలు పిల్లల కోసం 1947లో వచ్చిన డిఫరెన్షియల్ ఆప్టిట్యూడ్ టెస్ట్స్‌లో, అంటే డీఏటీలో, యాంత్రిక వివేచన భాగానికి పేరు తెచ్చిన నమూనా ప్రశ్న ఇలాంటిదే. జవాబు చెప్పడానికి భౌతికశాస్త్ర సూత్రం రానక్కర్లేదు. పొలం నుంచి ఇంకొకరితో కలిసి బరువు మోసుకొచ్చిన పిల్లవాడికి ఆ సంగతి భుజానికే తెలుసు.

సంఖ్యా వివేచనలో 3, 6, 11, 18, 27 ఇచ్చి తర్వాతిది అడుగుతారు. తేడాలు 3, 5, 7, 9 అని గమనించినవారు 38 అంటారు. శాబ్దిక వివేచనలో ‘కలానికి రాత ఎలాగో కొడవలికి ఏది?’ తరహా పోలికలుంటాయి. అమూర్త వివేచనలో మాటలుండవు. గుండ్రాలు, గీతలు, చుక్కలు ఒక క్రమంలో మారుతూ పోతాయి, తర్వాత రావలసిన బొమ్మను గుర్తించాలి. ప్రాదేశిక సామర్థ్యానికి కాగితం మడతపెట్టి చిల్లు పొడిస్తే, విప్పాక చిల్లులు ఎక్కడెక్కడ కనిపిస్తాయో ఊహించమంటారు. డీఏటీలో వీటితోపాటు అక్షరాల, అంకెల జతలను గబగబా పోల్చి గుర్తుపట్టే గుమాస్తా పనితనం, స్పెల్లింగు, భాషా ప్రయోగం కలిపి మొత్తం ఎనిమిది భాగాలు.

ఒక్కో భాగానికి ఒక్కో మార్కు ఇస్తే, లెక్కల్లో రాణించేదెవరో, భాషలో రాణించేదెవరో, వర్క్‌షాపు పనికి సరిపోయేదెవరో విడివిడిగా చెప్పవచ్చని దాన్ని రూపొందించిన బెనెట్, సీషోర్, వెస్‌మన్ ఆశించారు. ఆ ఆశ పూర్తిగా ఫలించలేదు. ఏ సబ్జెక్టు మార్కులతో పోల్చినా శాబ్దిక, సంఖ్యా భాగాల మొత్తమే చాలాసార్లు మిగతావాటికంటే మెరుగైన సూచికగా తేలింది. ఎనిమిది కొలబద్దలు తయారుచేస్తే, బడి చదువు దగ్గరికి వచ్చేసరికి పని ఎక్కువగా రెండింటితోనే జరిగింది.

పారిస్ బడి నుంచి అమెరికా సైన్యం దాకా

ఈ పరీక్షలకు మూలం ఫ్రాన్స్. బడిలో వెనకబడుతున్న పిల్లలకు ప్రత్యేక బోధన ఏర్పాటు చేసే విషయమై ఫ్రెంచి విద్యాశాఖ 1904లో ఒక సంఘాన్ని వేసింది. దాని పనిలో భాగంగా ఆల్ఫ్రెడ్ బినే, తియొడోర్ సిమోన్ 1905లో 30 అంశాల మాపనిని తయారుచేశారు. దాన్ని 1908లోనూ 1911లోనూ సవరించారు. అదనపు సాయం ఎవరికి కావాలో గుర్తించడమే బినే ఉద్దేశం. పిల్లల తెలివి పుట్టుకతో గీసిన గీత అనే వాదాన్ని ఆయన క్రూరమైన నిరాశావాదంగా భావించి గట్టిగా ఖండించాడు. 1911లో ఆయన చనిపోయాడు. మరుసటి ఏడాది జర్మన్ మనోవిజ్ఞాని విలియం స్టెర్న్ మానసిక వయస్సును శారీరక వయస్సుతో భాగించే పద్ధతిని ప్రతిపాదించాడు. మన బీఎడ్ పుస్తకాల్లో కనిపించే ప్రజ్ఞాలబ్ధికి ఆధారం అదే.

1904లోనే చార్లెస్ స్పియర్‌మన్ బడి మార్కులను పరిశీలించి, ఒక సబ్జెక్టులో ముందున్న పిల్లలు మిగతావాటిలోనూ ముందుండే ధోరణి ఉందని లెక్కగట్టి చూపించాడు. అన్నిటి వెనకా ఒక సాధారణ కారకం పనిచేస్తోందన్నాడు. చదువును అంచనా కట్టే ప్రతి పరీక్షా నేటికీ ఆ పరిశీలన మీదే ఆధారపడి ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం సుమారు 17 లక్షల మందికి సామూహికంగా పరీక్షలు పెట్టింది. ఒక్కొక్కరినీ ఎదుట కూర్చోబెట్టుకుని ప్రశ్నించే బినే పద్ధతికి బదులు, కాగితం పెన్సిలుతో హాలంతా ఒకేసారి రాసే పద్ధతి అక్కడే స్థిరపడింది. ఆ పనిలో పాల్గొన్న కార్ల్ బ్రిగమ్ ఆధ్వర్యంలో 1926 జూన్ 23న, కాలేజీ ప్రవేశాలకు వాడే శాట్ పరీక్ష మొదటిసారి జరిగింది. 8,040 మంది రాశారు. 97 నిమిషాల్లో 315 ప్రశ్నలు. సైన్యం మార్కులను ఆధారం చేసుకుని 1923లో జాతుల తెలివిలో హెచ్చుతగ్గులున్నాయని పుస్తకం రాసిన బ్రిగమ్, 1930లో ఆ నిర్ధారణలకు ఆధారం లేదని తానే ఒప్పుకున్నాడు.

అంకెలు చెప్పేది

పరీక్ష మార్కుకూ తర్వాతి చదువుకూ ఉన్న పొత్తును సహసంబంధ గుణకంతో కొలుస్తారు. 0 అంటే సంబంధమే లేదు. 1 అంటే ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే.

ఇంగ్లండులో ఇయాన్ డియరీ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో అతి పెద్దవాటిలో ఒకటి. 70,000 మందికి పైగా పిల్లలు పదకొండో ఏట కాగ్నిటివ్ ఎబిలిటీస్ టెస్ట్ రాశారు. మన పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లాంటి జీసీఎస్ఈని పదహారో ఏట 25 సబ్జెక్టుల్లో రాశారు. కొలతల్లోని పొరపాట్లను గణితంతో వడకట్టాక, ఐదేళ్ల ఎడంలో రాసిన ఈ రెంటి మధ్య సహసంబంధం 0.81గా వచ్చింది. సబ్జెక్టువారీగా చూస్తే తేడాలు బయటపడ్డాయి. గణితం మార్కుల్లోని హెచ్చుతగ్గుల్లో 58.6 శాతాన్ని సాధారణ ప్రజ్ఞ వివరించింది. ఇంగ్లిషులో 48 శాతం. చిత్రకళ, డిజైన్‌కు వచ్చేసరికి అది 18.1 శాతానికి పడిపోయింది.

0.81 ఈ రంగంలో మామూలుగా కనిపించే అంకె కాదు. 2015లో జర్మన్ పరిశోధకులు 240 నమూనాలను, లక్షా ఐదువేల మందికి పైగా విద్యార్థులను కలిపి లెక్కగడితే, తెలివి పరీక్షలకూ బడి మార్కులకూ సహసంబంధం సవరణల తర్వాత 0.54గా తేలింది. ప్రాథమిక స్థాయిలో అది 0.45, మాధ్యమిక స్థాయిలో 0.54, హైస్కూలులో 0.58. పై తరగతులకు పోయేకొద్దీ పాఠాల్లో వివేచన పాలు పెరుగుతుందనీ, అందువల్లే పరీక్షకు పట్టు చిక్కుతుందనీ పరిశోధకులు భావించారు.

మధ్యస్థంగా 0.5 తీసుకుని దాని అర్థమేమిటో చూద్దాం. సామర్థ్య పరీక్షలో పై ఐదో వంతులో నిలిచిన వందమందిలో సుమారు 44 మంది తర్వాత చదువులోనూ పై ఐదో వంతులో ఉంటారు. చీటీలు తీసి వందమందిని ఎంచుకుంటే ఆ సంఖ్య 20. చీటీల కంటే పరీక్ష రెట్టింపుకు మించి మెరుగన్నమాట. మిగిలిన 56 మంది మాత్రం పరీక్ష ఊహించిన చోట లేరు. స్కాలర్‌షిప్పులు పంచే అధికారికి మొదటి లెక్క సంతోషమిస్తుంది. ఒక పిల్ల తల్లిదండ్రులకు పనికొచ్చేది రెండోది.

పదకొండో ఏటి తలుపు

ఈ లెక్కలోని రెండు ముఖాలనూ ఇంగ్లండు ఒకేసారి చూసింది. 1944 విద్యాచట్టం తర్వాత అక్కడ సెకండరీ చదువు ఎక్కువ ప్రాంతాల్లో గ్రామర్, టెక్నికల్, మోడర్న్ బడులుగా చీలింది. ఎవరు ఎక్కడికి వెళ్లాలో ‘ఎలెవెన్ ప్లస్’ అనే పరీక్ష తేల్చేది. అందులో ఇంగ్లిషు, అంకగణితంతోపాటు తెలివి పరీక్ష ఉండేది. యూనివర్సిటీకి దారితీసే గ్రామర్ బడిలో సీటు సుమారు నలుగురైదుగురిలో ఒకరికి దొరికేది. అదీ ఊరిని బట్టి మారేది. సీట్లు ఎక్కువున్న జిల్లాలో పాసయ్యే మార్కు, పక్క జిల్లాలో ఫెయిల్ కింద లెక్క. ఆ వయసులో ఆడపిల్లల మార్కులు మగపిల్లల కంటే మెరుగ్గా ఉండడంతో, చాలాచోట్ల ఇద్దరికీ వేర్వేరు జాబితాలు తయారుచేసి, ఆడపిల్లలకు గీటు మార్కును పెంచారు.

1957లో ఆ దేశపు జాతీయ విద్యా పరిశోధన సంస్థ తరఫున యేట్స్, పిడ్జన్ చేసిన అధ్యయనం, ఉన్నవాటిలో మేలైన పద్ధతులు వాడినా సుమారు పది శాతం పిల్లలు తమది కాని బడికి చేరుతున్నారని అంచనా వేసింది. శాస్త్రం ప్రకారం అది మంచి ఫలితమే. అయితే ఆ పది శాతం అంటే ఏటా వేలాది ఇళ్లు. పైగా కోచింగ్‌తో తెలివి పరీక్ష మార్కు కూడా పెరుగుతుందని అదే దశకంలో ఫిలిప్ వెర్నన్ తదితరుల పరిశోధన చూపించింది. పరీక్షకు అండగా నిలిచిన సిరిల్ బర్ట్ కవలల మీద ప్రచురించిన లెక్కల నిజాయితీపై ఆయన మరణానంతరం, 1970లలో, తీవ్ర సందేహాలు లేచాయి. 1965లో ప్రభుత్వం జారీచేసిన 10/65 సర్క్యులర్‌తో చాలా ప్రాంతాలు అందరికీ ఒకే రకం బడికి మారాయి. కెంట్, బకింగమ్‌షైర్ లాంటి చోట్ల గ్రామర్ బడులూ, వాటి పరీక్షా నేటికీ ఉన్నాయి.

అంచనా ఎక్కడ జారుతుంది

మొదటి కారణం కొలతలోనే ఉంది. విశ్వసనీయత 0.90 ఉన్న మంచి పరీక్షలో కూడా, 100 సగటుగా ఉండే కొలమానంలో 105 వచ్చిన పిల్లవాడి అసలు మార్కు 96కూ 114కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. నివేదికలో కనిపించేది ఒక అంకె. దాని అర్థం ఒక విస్తృతి.

రెండోది వయసు. లండన్‌లో 33 మంది కౌమారులను 2004లోనూ, మూడు నాలుగేళ్ల తర్వాతా పరీక్షించి, మెదడు స్కాన్లు తీశారు. సగటు పెద్దగా కదల్లేదు. విడివిడిగా చూస్తే కొందరి శాబ్దిక మార్కు ఇరవై పాయింట్ల మేర పెరిగింది, కొందరిది తగ్గింది. మార్కులోని మార్పుకు తగ్గట్టు మెదడులో సంబంధిత భాగాల నిర్మాణంలోనూ మార్పు కనిపించింది. 2011లో వెలువడిన ఈ ఫలితాలు, పన్నెండేళ్లకు వచ్చిన మార్కును పదహారేళ్లకు అలాగే మోసుకెళ్లే అలవాటును ప్రశ్నార్థకం చేశాయి.

మూడోది, పరీక్ష హాలు కొలవనిది. ఏంజెలా డక్‌వర్త్, మార్టిన్ సెలిగ్‌మన్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో 164 మంది ఎనిమిదో తరగతి పిల్లల స్వీయ క్రమశిక్షణను విద్యాసంవత్సరం మొదట్లో కొలిచారు. చివరి మార్కుల్లోని తేడాలను వివరించడంలో అది ప్రజ్ఞాలబ్ధి కంటే రెట్టింపుకు మించి పనిచేసింది. హోంవర్కు వేళకు మొదలుపెట్టడం, బడి మానకపోవడం, టీవీకి తక్కువ సమయమివ్వడం లాంటివే ఈ తేడా వెనకున్నాయి. ఇంగ్లండు అధ్యయనంలోనూ సాధారణ ప్రజ్ఞలో ఆడపిల్లలు, మగపిల్లలు సమానంగానే ఉన్నా, జీసీఎస్ఈలో భౌతికశాస్త్రం మినహా అన్ని సబ్జెక్టుల్లోనూ ఆడపిల్లలదే పైచేయి.

డక్‌వర్త్ ఫలితాన్ని చదివేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోవాలి. ఆ పిల్లలందరూ ఎంపికచేసి చేర్చుకునే బడిలోవాళ్లు. పొడుగువారినే ఏరి వాలీబాల్ జట్టు కట్టాక, జట్టులో ఎవరు బాగా ఆడతారో ఎత్తును బట్టి చెప్పలేం. పరీక్షతో వడపోసిన తరగతిలో ఆ పరీక్ష అంచనా శక్తి తగ్గినట్టు కనిపించడం కూడా అలాంటిదే. దీన్ని విస్తృతి కుదింపు అంటారు.

సామర్థ్యమా, సంపాదనా?

సహజ సామర్థ్య పరీక్ష, నేర్చుకున్నదాన్ని కొలిచే సాధన పరీక్ష అని రెండు పేర్లున్నంత మాత్రాన కొలిచేవి రెండు వేర్వేరు వస్తువులని నమ్మడం పొరపాటని అమెరికన్ మనోవిజ్ఞాని ట్రూమన్ కెలీ 1927లోనే హెచ్చరించాడు. రెండూ చాలామేరకు ఒకే చోటును కొలుస్తాయని ఆయన లెక్క. తర్వాతి తరంలో ఆన్ అనస్తాసి వీటన్నిటినీ ‘పెంపొందిన సామర్థ్యాలు’ అనే ఒకే గాటన కట్టింది. సామర్థ్య పరీక్ష బడి పాఠానికి కాస్త దూరంగా ఉంటుంది, సాధన పరీక్ష దగ్గరగా ఉంటుంది. తేడా దూరంలోనే.

దీనికి గట్టి సాక్ష్యం నార్వే ఇచ్చింది. 1955 నుంచి 1972 మధ్య ఆ దేశం నిర్బంధ విద్యను ఏడేళ్ల నుంచి తొమ్మిదేళ్లకు, ఒక్కో మునిసిపాలిటీలో ఒక్కో ఏడాది పెంచుకుంటూ పోయింది. అబ్బాయిలు పంతొమ్మిదో ఏట సైన్యంలో రాసే తెలివి పరీక్ష మార్కులను పరిశీలిస్తే, అదనంగా చదివిన ఒక్కో ఏడాదికి సుమారు 3.7 పాయింట్లు పెరిగినట్టు 2012లో వెల్లడైంది. ఆరు లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపిన 2018 నాటి విశ్లేషణలో ఈ పెరుగుదల ఏడాదికి 1 నుంచి 5 పాయింట్లు. చదువును ముందుగా చెప్పే పరీక్షను చదువే మారుస్తోందన్నమాట.

అమెరికాకు వెళ్లే పిల్లలున్న తెలుగు ఇళ్లలో బాగా నలిగిన ‘శాట్’ అనే పేరు కూడా ఈ వాదంలోనే రూపు మార్చుకుంది. మొదట అందులో ‘ఏ’ అంటే ఆప్టిట్యూడ్. 1990లలో అసెస్‌మెంట్ అయింది. ఇప్పుడు ఆ మూడక్షరాలు దేనికీ పొడి అక్షరాలు కావు.

భారతదేశంలో, తెలుగునాట

లాహోర్‌లోని ఫార్మన్ క్రిస్టియన్ కాలేజీలో సి. హెర్బర్ట్ రైస్ 1922 ప్రాంతంలో బినే మాపనిని హిందుస్తానీకి మలచడంతో ఇక్కడ ఈ పని మొదలైంది. తర్వాత వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు దాన్ని సవరించాడు. భాష మారితే ప్రశ్న కష్టం మారుతుందన్న చిక్కు అప్పటి నుంచీ వెంటాడుతూనే ఉంది. ‘కొడవలికి కోత’ అనే పోలిక పొలం ఎరిగిన పిల్లకు సులువు. నగరపు అపార్టుమెంటులో పెరిగిన పిల్లకు కాకపోవచ్చు. ఇంట్లో గోండీ మాట్లాడే ఆదిలాబాద్ పిల్లవాడు తెలుగులో శాబ్దిక వివేచన రాస్తే, వివేచన కంటే ముందు తెలుగే పరీక్షకు నిలుస్తుంది.

జవహర్ నవోదయ విద్యాలయాల ప్రవేశ పరీక్ష ఈ చిక్కును బొమ్మలతో దాటాలని చూసింది. గ్రామీణ పిల్లలకు కనీసం 75 శాతం సీట్లున్న ఈ బడుల్లో ఆరో తరగతికి రాసే 100 మార్కుల పరీక్షలో 50 మార్కులు మానసిక సామర్థ్యానివి. 40 ప్రశ్నలూ బొమ్మలే: భిన్నమైనదాన్ని ఏరడం, అద్దంలో ప్రతిబింబం, మడిచిన కాగితం, పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మ. మిగతా సగం అంకగణితం, భాష. ఇంగ్లండు ఎలెవెన్ ప్లస్ పెట్టిన వయసుకు అటూఇటుగా ఉన్న పిల్లలే ఇక్కడా రాస్తారు. కోచింగ్ సంగతీ అంతే. తెలుగు మీడియం గైడ్లూ, నవోదయ కోచింగ్ బోర్డులూ చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తాయి.

ఎన్‌సీఈఆర్‌టీ 1963లో ఢిల్లీలో విజ్ఞానశాస్త్ర ప్రతిభాన్వేషణగా మొదలుపెట్టిన పథకం తర్వాత ఎన్‌టీఎస్‌ఈగా పేరు మార్చుకుని, పదో తరగతి పిల్లలకు మానసిక సామర్థ్యం, పాఠ్య సామర్థ్యం అనే రెండు పేపర్లు పెట్టింది. 2021 తర్వాత అది ఆగిపోయింది. సీబీఎస్‌ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి తొమ్మిది, పది తరగతుల కోసం రూపొందించిన ‘తమన్నా’ మరో దారి పట్టింది. భాష, అమూర్త, శాబ్దిక, యాంత్రిక, సంఖ్యా, ప్రాదేశిక, గ్రహణ సామర్థ్యాలు ఏడింటినీ విడిగా చూపుతుంది. పాస్, ఫెయిల్ ఉండవు. పైతరగతుల్లో సబ్జెక్టు ఎంపికకు సాయంగా మాత్రమే వాడాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలకు బాగా తెలిసిన సామర్థ్య పరీక్ష ఎన్‌ఎంఎంఎస్. 2008లో మొదలైన ఈ కేంద్ర స్కాలర్‌షిప్ పథకం కింద దేశమంతటా ఏటా లక్షమంది ఎనిమిదో తరగతి పిల్లలను ఎంపిక చేసి, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల చొప్పున ఇస్తారు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. మానసిక సామర్థ్య పరీక్షకు 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. పాఠ్య సామర్థ్య పరీక్షకూ అంతే.

రెండు మార్కుల మధ్య ఖాళీ

సామర్థ్య పరీక్షను బడి మార్కుల పక్కన పెట్టి చదివినప్పుడు అది ఎక్కువ పనికొస్తుందని బడుల్లో పనిచేసే మనోవిజ్ఞానులు అంటారు. ముందటి ఏడాది మార్కులు రాబోయే మార్కులను సామర్థ్య పరీక్షతో సమానంగానో, ఇంకా బాగానో చెబుతాయి కాబట్టి, కేవలం అంచనాకే అయితే కొత్త పరీక్ష అవసరం తక్కువ. మార్కులు చెప్పలేనిది ఒకటుంది. బొమ్మల ప్రశ్నల్లో పై వరసలో ఉండి, క్లాసు మార్కుల్లో కింది వరసలో ఉన్న పిల్ల దగ్గర ఆగి చూడాలి: కళ్లద్దాలు కావాలా, మీడియం మారిందా, పత్తి తీతల కాలంలో బడికి రాలేదా, ఇంటి భాష వేరా. ఇంగ్లండు బడులు కాగ్నిటివ్ ఎబిలిటీస్ టెస్ట్ నివేదికలో శాబ్దిక, శాబ్దికేతర మార్కుల మధ్య ఎడాన్ని ఇందుకే గమనిస్తాయి. ఆ ఎడం ఎక్కువగా ఉంటే భాషా సాయం అవసరమేమో చూస్తాయి.

ఎన్‌ఎంఎంఎస్‌లో ఈ పోలికకు కావలసిన సామగ్రి అంతా ఉంది. ఒకే రోజు, ఒకే పిల్ల, ఒకటి బడి పాఠానికి దూరంగా, ఒకటి దగ్గరగా, రెండు పేపర్లు. ఫలితాలు వచ్చేసరికి ఆ రెండూ కలిసి 180కి ఒకే మొత్తమవుతాయి. మెరిట్ జాబితా తయారయ్యేది ఆ మొత్తంతోనే. మానసిక సామర్థ్యంలో 70 తెచ్చుకుని పాఠ్య పరీక్షలో 30 దగ్గర ఆగిన పిల్ల, రెండింటిలోనూ 50 తెచ్చుకున్న పిల్ల ఆ జాబితాలో ఒకే వరసలో నిలబడతారు.